అలికేదెవరు?

సాహిత్య విద్యార్థిగా ఉదయగిరి పేరు నాకు మొదట తెలిసింది కృష్ణదేవరాయల వల్ల. 1513లో ముట్టడి మొదలుపెట్టి, ఏడాదిన్నర పాటు కొండ కింద కాచుకుని కూర్చుని, 1514లో గజపతుల దగ్గర్నుంచి ఆ కోటని గెలుచుకున్నాడనీ, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడనీ చదువుకున్నాం. పరీక్షల్లో రాశాం. ఆ కొండ కింద ఊళ్ళో, ఇళ్ళ ముందు వసారాల్లో కూర్చుని కొయ్య గరిటెలు చెక్కే ఆడవాళ్ళున్నారని ఏ పాఠంలోనూ లేదు. ఆ సంగతి నాకు చెప్పింది మా పెద్దమ్మ మనవరాలు.

ఆత్మకూరు పిల్ల. ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరంలో థీసిస్ కోసం ఉదయగిరిని ఎంచుకుంది. క్లాసులో మిగతావాళ్ళు విమానాశ్రయాలూ మ్యూజియంలూ గీస్తుంటే తన కూతురు గరిటెల షెడ్డు గీస్తానందని వాళ్ళ నాన్నకి కాస్త నామోషీ. థీసిస్ పేరు ఇంగ్లీషులో రెండు వరసలుంది. సుస్థిరత అనే మాట ఒకటి, కంప్యూటేషనల్ అనే మాట ఒకటి అందులో తప్పనిసరి. తెలుగులో చెప్పమంటే కాసేపు ఆలోచించి, "గరిటెలు చెక్కే ఆడవాళ్ళు ఎండాకాలం కూర్చోడానికి చల్లటి చోటు పిన్నీ. కంప్యూటర్‌తో లెక్కకట్టి" అంది. ఆ తెలుగు పేరే బాగుందని నాకనిపించింది గానీ దానికి మార్కులు రావు.

అక్క ఒక షరతు పెట్టింది. ఉదయగిరికి ఒక్కతే వెళ్ళడానికి వీల్లేదు. వాళ్ళ క్లాసులో మగపిల్లలకి అది సైట్ విజిట్, ఈ పిల్లకి తోడు దొరికితేనే సైట్ విజిట్. సాహిత్యంలో నేను చేసిన డాక్టరేటు అలా ఒక ఆడపిల్లకి తోడు వెళ్ళడానికి అర్హత అయింది. ఏప్రిల్లో మూడుసార్లు, మే నెలలో రెండుసార్లు వెళ్ళాం. టేపు ఒక చివర పట్టుకోవడం, అంకెలు రాసిపెట్టడం నా పని.

కంప్యూటేషనల్ డిజైన్ అంటే కంప్యూటర్లో బొమ్మ గీయడం కాదు. అక్కడ గీతలు గీయరు. గీతకీ గీతకీ ఉన్న సంబంధాన్ని రాస్తారు. గోడ ఇంత ఎత్తయితే చూరు ఇంత ముందుకి రావాలి, కిటికీ ఎంత వెడల్పయితే గదిలోకి ఎంత ఎండ అనుమతించాలి అని నియమాలు. ఒక అంకె మారిస్తే ఇల్లంతా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. 2007లో వచ్చిన గ్రాస్‌హాపర్ అనే ప్రోగ్రాం వాడుతోంది మా పిల్ల. దానికి జతగా వాతావరణం లెక్కలు చూసే లేడీబగ్ అనేది ఇంకొకటి. మిడత ఇల్లు కడితే అక్షింతల పురుగు ఎండ కొలుస్తుందన్నమాట. పేర్లు పెట్టినవాళ్ళెవరో గానీ కాస్త రసికత ఉన్నవాళ్ళే.

"ముగ్గు లాంటిదే పిన్నీ" అని చెప్పింది బస్సులో. "చుక్కలు పెట్టి, ఏ చుక్క చుట్టూ ఎటు తిరగాలో ఒక పద్ధతి అనుకుంటాం గదా. ఏడు చుక్కలకైనా పదిహేను చుక్కలకైనా అదే పద్ధతి. మనం గీసేది ముగ్గు కాదు, పద్ధతి." ఇది పోలిక కోసం అన్న మాట మాత్రమే కాదు. మద్రాసు దగ్గర తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృత్తివాసన్‌తో కలిసి, తమిళ వాకిళ్ళలో వేసే ముగ్గులకి కంప్యూటర్ శాస్త్రం భాషలో ఒక వ్యాకరణం రాశారు. 1974లో అది అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు. గ్రాస్‌హాపర్ రావడానికి ముప్ఫై మూడేళ్ళ ముందు సంగతి ఇది. రోజూ తెల్లవారుజామున వంగి అంత గణితం వాకిట్లో పరిచి, మధ్యాహ్నానికి అది తొక్కిడి పడి చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకున్న ఆడవాళ్ళని ఎవరైనా ఎప్పుడైనా డిజైనర్ అన్నారా? ఓపిక గలవాళ్ళన్నారు. మహా అయితే కళ ఉందన్నారు.

సరే, లెక్క మొదలుపెట్టాలంటే ముందు ఆ ఊరి వాతావరణం కావాలి. ఏడాదికి 8,760 గంటలు. ఒక్కో గంటలో ఎండ ఎంత, గాలి ఎటునుంచి, తేమ ఎంత అని నింపిన ఫైలు ఒకటుంటుంది. ఆమెకి దొరికింది నెల్లూరు ఫైలు. నెల్లూరు సముద్రానికి దగ్గర, మధ్యాహ్నం దాటాక గాలి తిరుగుతుంది. ఉదయగిరి అక్కణ్ణుంచి వంద కిలోమీటర్ల దాకా లోపలికి, కొండల పక్కన. పగలంతా కాగిన రాయి చీకటి పడ్డాక కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది. కంప్యూటర్ మాత్రం ఉదయగిరి ఆడవాళ్ళకి రోజూ సాయంత్రం సముద్రపు గాలి వీస్తుందని గట్టిగా నమ్మింది. 2015 మే వడగాడ్పులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రపు గాలి నమ్ముకుని ఇల్లు కట్టే చోటు కాదది. మా పిల్ల తన డబ్బుతో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరాలు రెండు కొని, ఒకటి వసారా దూలానికీ ఒకటి వంటింట్లోనూ వేలాడదీసింది.

వాతావరణం తరవాత మనిషి. నాకు ఈ వ్యవహారంలో నిజంగా ఆసక్తి పుట్టింది ఇక్కడే.

ఒక గది చల్లగా ఉందా, ఉక్కగా ఉందా అని కంప్యూటర్ చెప్పాలంటే ఆ గదిలో ఉన్న మనిషి గురించి దానికి చెప్పాలి. రెండు గడులుంటాయి. ఒకటి మెట్, అంటే ఒంట్లో పుట్టే వేడి. ఇంకొకటి క్లో, అంటే ఒంటి మీది బట్ట. మనం ఏమీ నింపకపోతే అదే ఒక అంకె వేసుకుని ముందుకి పోతుంది. ఆ వేసుకున్న అంకెలో ఉన్న మనిషి ఎవరు?

క్లో అనే కొలతని 1941లో అమెరికా శాస్త్రవేత్తలు ఏర్పరిచారు. 21 డిగ్రీల గదిలో తీరిగ్గా కూర్చున్న మనిషి హాయిగా ఉండటానికి కావలసినంత బట్ట ఒక క్లో. సుమారుగా ఒక సూటు. ఆ తరవాత డెన్మార్క్‌కి చెందిన ఫాంగర్ 1970లో సౌఖ్యానికి ఒక సమీకరణం రాశాడు. ప్రపంచమంతా ఆఫీసుల ఏసీలు దాని మీదే నడిచాయి. ఈ లెక్కల్లో వాడే మెట్ విలువ సుమారు 70 కిలోల బరువూ 40 ఏళ్ళ వయసూ ఉన్న సగటు మగవాడిదనీ, ఆడవాళ్ళ ఒంట్లో పుట్టే వేడిని అది 35 శాతం దాకా ఎక్కువ చేసి చూపించవచ్చనీ 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ 'నేచర్ క్లైమేట్ చేంజ్' పత్రికలో రాశారు. ఆఫీసుల్లో ఆడవాళ్ళు శాలువా కప్పుకుని కూర్చుంటే సున్నితం అని నవ్వుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి నాకు.

ఆర్కిటెక్చర్‌కి ఇది కొత్తేమీ కాదు. కార్బూజియే తన 'మాడ్యులర్' కొలతలకి మొదట 175 సెంటీమీటర్ల మనిషిని అనుకున్నాడు. తరవాత దాన్ని 183 చేశాడు. ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో అందమైన పోలీసు ఎప్పుడూ ఆరడుగులుంటాడన్న మాట మీద! ఇరవయ్యో శతాబ్దపు భవనాలకి కొలబద్ద ఒక నవలా పాత్ర అయినందుకు సాహిత్యం వాళ్ళం సంతోషించాలో ఏడవాలో తెలీదు. ఉదయగిరి ఖాలా ఎత్తు అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ.

మా పిల్ల వెతగ్గా వెతగ్గా మన మనిషే ఒకావిడ దొరికింది. మాధవి ఇంద్రగంటి. ఆర్కిటెక్ట్. 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి వెళ్ళి, వందమందికి పైగా నివాసుల దగ్గర వేసవిలోనూ వానాకాలంలోనూ ఎలా ఉందని పదే పదే అడిగి, అదే సమయంలో గది వేడీ గాలీ కొలిచింది. మన జాతీయ భవన నియమావళి 23 నుంచి 26 డిగ్రీలుంటేనే సౌఖ్యం అంటుంటే, అక్కడి మనుషులు 26 నుంచి 32.45 దాకా ఫరవాలేదన్నారు. సగటున 29.23 దగ్గర హాయిగా ఉందన్నారు. అంటే నియమావళి రాసినవాళ్ళకి తెలీని మనుషులు ఆ ఇళ్ళలో ఉన్నారు. ఆవిడ అక్కడితో ఆగలేదు. చీరకి క్లో ఎంత అని అడిగింది. ప్యాంటుకీ చొక్కాకీ కోటుకీ పట్టికలున్నాయి గానీ కోట్లమంది కట్టుకునే చీరని ఎవరూ సరిగా కొలవలేదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తోటి పరిశోధకులతో కలిసి, వేడి కొలిచే ఆడ బొమ్మకి రకరకాలుగా చీరలు కట్టి కొలిచింది. 2015లో వచ్చిన ఆ వ్యాసం చెప్పేదేమంటే చీరకి ఒక్క అంకె ఉండదు. కొంగు వదిలితే ఒకటి, నడుముకి చుట్టి దోపితే ఒకటి, భుజాల నిండా కప్పుకుంటే ఇంకొకటి. మన కవిత్వంలో కొంగు గురించి ఎంత రాశాం! అది ఉష్ణోగ్రతని సర్దుకునే పరికరం అని ఎవరికీ తోచలేదు.

ఇక ఉదయగిరి. అక్కడి కొయ్య సామాన్లకి భౌగోళిక గుర్తింపు ఉంది, లేపాక్షి దుకాణాల్లో దొరుకుతాయి. గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు, ట్రేలు. నర్ది, బిక్కి లాంటి చుట్టుపక్కల అడవుల్లోని చెట్ల కొయ్య. ఈ పని చేసేవాళ్ళలో ఎక్కువమంది ముస్లిం స్త్రీలు. దుకాణంలో గరిటె పక్కన అట్ట మీద ఊరి పేరుంటుంది, చెక్కిన మనిషి పేరుండదు. మేం ఎక్కువగా కూర్చున్నది ఒక పెద్దావిడ వసారాలో. మా పిల్ల ఆమెని ఖాలా అనేది. ఖాలా, ఆమె కోడలు, పక్కింటి ఇద్దరు. బాడిశతో దెబ్బ వెనక దెబ్బ, తరవాత ఉలి, తరవాత ఆకురాయి. మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆగవు.

పొద్దున వంట ముగించుకుని కూర్చుంటారు. నీడ జరిగే కొద్దీ పీటలు జరుగుతాయి. మధ్యాహ్నం గోడ ఇవతలికి, నాలుగింటికి వేపచెట్టు కిందకి, మళ్ళీ పొయ్యి వెలిగించే వేళకి లోపలికి. మా పిల్ల అరగంటకోసారి పీట ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టింది. సాయంత్రానికి నేల మీద ఒక వంపు గీత తేలింది. దాన్ని ఫోటో తీసుకుని రాత్రి కంప్యూటర్ వేసిన నీడల పటం మీద పెడితే రెండూ ఇంచుమించు ఒకటే. పిల్ల ఎగిరి గంతేసింది. మర్నాడు ఖాలాకి చూపిస్తే ఆమె ఒకసారి చూసి, "నీడ యాడుంటే ఆడ కూసుంటాం. దానికి లెక్కెందుకు పాపా?" అంది.

కంప్యూటర్ ఇచ్చిన మొదటి జవాబు, తూర్పు గోడంతా జాలీ చేసేయమని. గాలి ఆడుతుంది, నీడ పోదు, ఏసీ అక్కర్లేదు. కాయితం మీద ఎంత ముద్దుగా ఉందో! ఖాలా ఒప్పుకోలేదు.

"గాలి మాకు హాయిగానే ఉంటాది. కొయ్యకి కాదు. పచ్చికొయ్య గాలికి పెట్టినామంటే నెర్రెలిస్తాది. నీడలో, గాలి తగలకుండా, మెల్లంగా ఆరాల."

అంటే ఆ వసారాలో రెండు రకాల ఒళ్ళున్నాయి. ఒకదానికి గాలి కావాలి, ఒకదానికి వద్దు. ప్రోగ్రాంలో కొయ్యకి గడే లేదు. ఖాలా కోడలు ఇంకొక మాట అంది. "బజారోళ్ళు చూస్తారని భయమని కాదక్కా. చూస్తా ఉంటారు గదా అని గంటకి పదిసార్లు కొంగు సర్దుకోవాల. పని సాగదు." ముస్లిం స్త్రీ అనగానే పరదా అనే ఒక్క మాటతో అర్థం చేసేసుకునే అలవాటు మనకుంది. ఆ అమ్మాయి మాట్లాడింది పని గంటల గురించి. చీర కొంగు ఎలా కావాలంటే అలా దోపుకోగలిగే స్వేచ్ఛ ఉన్న చోటే అది చల్లదనం ఇచ్చేది. బర్క్‌లీ బొమ్మని ఎవరూ వీధిలోంచి చూడరు.

ఇంకా ఒకటుంది. కూర్చున్న మనిషి అంటే ప్రోగ్రాంకి కుర్చీలో కూర్చున్న మనిషి. గాలి వేగాన్ని ఆ ఎత్తులోనే చూస్తుంది. వీళ్ళు నేల మీద నాలుగంగుళాల పీటేసుకుని కూర్చుంటారు. తిన్నె ఒక అడుగు ఎత్తుంటే చాలు, జాలీలోంచి వచ్చే గాలి వాళ్ళ తల మీంచి పోతుంది. కాబట్టి మా పిల్ల మళ్ళీ మొదటికి వచ్చింది. గాలి నేలకి దగ్గరగా రావాలి, చూపు రాకూడదు. కొయ్య పేర్చే మూల మూసి ఉండాలి. మెట్ గడిలో ఒక్క అంకె కాకుండా గంటకొకటి వేసింది. బాడిశ పట్టినప్పుడు ఎక్కువ, ఆకురాయి పట్టినప్పుడు తక్కువ, పొయ్యి దగ్గర ఇంకొకటి. ప్రోగ్రాం దీనికి ఒప్పుకుంటుంది, ఎవరూ అడగరంతే.

గోడలు దేంతో కట్టాలన్న దగ్గర అసలు తగువు వచ్చింది. అది ఉదయగిరిలో రాలేదు, ఆత్మకూరు పక్కన వాళ్ళ సొంత ఊళ్ళో వచ్చింది.

సుస్థిర భవనం అనగానే మన కళ్ళ ముందు మట్టి గోడ కనపడుతుంది. దానికి కారణాలున్నాయి. సిమెంటు తయారీ ఒక్కటే ప్రపంచపు కర్బన ఉద్గారాల్లో 7, 8 శాతం. కాంక్రీటు క్యూరింగ్‌కి రోజుల తరబడి నీళ్ళు కావాలి. సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఆత్మకూరు పక్కనే ఉన్నా, ఉదయగిరి, మర్రిపాడు, వరికుంటపాడు వైపు జనానికి తాగే నీళ్ళలోనే ఫ్లోరైడ్. అలాంటి చోట నీళ్ళు గోడలకి పోయడం ఏం న్యాయం? ఈజిప్టులో హసన్ ఫాతీ, కేరళలో లారీ బేకర్ చెప్పింది పిల్లలకి పాఠంగా ఉంది. ఉన్న ఊరి మట్టితో, రాయితో, ఉన్న ఊరి పనివాళ్ళతో కట్టమని. బేకర్ అంటే నాకూ గౌరవమే. మా పిల్ల మట్టి గోడలు, మిద్దె పైకప్పు వేసుకుని, సిమెంటు గోడలతో పోల్చి, ఎంత బొగ్గుపులుసు వాయువు మిగిలిందో పట్టిక వేసుకుంది. అది చూపించడానికి వాళ్ళ జేజి దగ్గరికి వెళ్ళాం, అంటే వాళ్ళ నాన్న తల్లి దగ్గరికి. పాత మిద్దె పడగొట్టి స్లాబు వేయించుకున్న మనిషి ఆమె.

"పాత ఇల్లు ఎంత చల్లంగా ఉండేది జేజీ, ఎందుకు పడగొట్టినారు?" అంది పిల్ల.

"చల్లంగానే ఉండేది. అలికేదెవరు? నువ్వొచ్చి అలుకుతావా?"

అక్కడితో ఆగలేదు ఆమె. "కాపురానికొచ్చిన కాణ్ణుంచి అలికీ అలికీ నా మోకాళ్ళు పోయినాయి. వానలకి ముందు మిద్దెకి మన్నెయ్యాల, గోడలకి మెత్తాల, పండగొస్తే సున్నం. మీ తాత అరుగు మీద కూసోని ఎంత చల్లంగా ఉండాదో అనేవోడు. స్లాబు ఏసినాక గదా మే నేను నడుం వాల్చింది."

మా పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. తరవాత ఫోను తీసి అడగడం మొదలుపెట్టింది. వారానికి ఎన్నిసార్లు? ఎంతసేపు? జేజి చెప్పినదాని ప్రకారం రోజువారీ ఊడ్చేది కాక, అలుకుడికే వారానికి నాలుగు గంటలు తక్కువ కాదు. ఏడాదికి 208 గంటలు. రోజుకి ఎనిమిది గంటల కూలి లెక్కన 26 రోజులు. నలభై ఏళ్ళకి 1,040 రోజులు. వానాకాలపు మిద్దె పనీ పండగ సున్నమూ ఇందులో లేవు. దాదాపు మూడేళ్ళ పాటు ఆ మనిషి వంగి గచ్చు లేని నేల అలికింది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఒక్కరోజు సెలవు లేకుండా అన్నట్టు.

పట్టికలో సిమెంటుకి, ఇసుక లారీ డీజిలుకి, ఇటుక బట్టీలోని బొగ్గుకి అన్నిటికీ అంకెలున్నాయి. మట్టి గోడకి ఎదురుగా దాదాపు సున్నా. ఆ సున్నాలో 1,040 రోజులున్నాయి. ఇంటి చాకిరికి విలువ కట్టాలని స్త్రీవాదులు ఎన్నో ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. పర్యావరణం పేరుతో వేసే లెక్కలో కూడా అదే సున్నా అలాగే వచ్చి కూర్చుంటుందని నాకు ఆ రోజు ఆ వాకిట్లో స్పష్టంగా కనపడింది. పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఆమె ఇల్లు అలికి అలికి తన పేరు మర్చిపోతుంది. ఆ కథని నేను ఎన్ని క్లాసుల్లో చెప్పానో. అలుకుడిని ఆ క్లాసుల్లో ప్రతీకగానే చర్చించుకున్నాం. జేజి దాన్ని మోకాలి చిప్పలతో చెప్పింది.

అంటే మట్టి వద్దు, సిమెంటే మేలు అంటున్నానా? కాదు. సిమెంటు స్లాబు కింద మే నెలలో జేజి కూడా పడుకోలేదు, మంచం వాకిట్లోకి లాక్కుంటుంది. నా తగువు మట్టితో కాదు, పాత ఇళ్ళని పొగిడే గొంతుతో. ఆ గొంతు ఎప్పుడూ అరుగు మీద నుంచే వినపడుతుంది, నేల మీద నుంచి కాదు. మా పిల్ల రెండు మూడు వారాలు కొట్టుకుంది. చివరికి రాతి గోడ, లోపల సున్నం, నేలకి కడప బండ, పైన స్లాబు మీద పెంకుముక్కల పొర, ఉత్తరాన లోతైన వసారా. పోలిక పట్టికలో బొగ్గుపులుసు వాయువు పక్కన ఇంకో నిలువు వరస చేర్చి దానికి చాకిరి అని పేరు పెట్టింది. ఏడాదికి ఎన్ని గంటలు, ఎవరివి. ఆ వరసలో చూస్తే ఆమె చివరి డిజైను మట్టి ఇంటి కన్నా చాలా మెరుగు. వాయువు వరసలో కాస్త వెనకబడింది. రెండూ అలాగే చూపించింది.

ఖాలా కూతురి ఇంటి సంగతి కూడా ఇందులోకి వచ్చింది. 2020 డిసెంబర్ 25న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పేదల ఇళ్ళ స్థలాల పంపిణీ మొదలుపెట్టినప్పుడు, 30 లక్షల మందికి పైగా అని ప్రకటించింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. పట్టాలు ఆడవాళ్ళ పేరు మీద. ఇది చిన్న విషయం కాదు. పుట్టింటా మెట్టినింటా తనది అనే గోడ లేని మనిషి చేతికి తన పేరున్న కాయితం రావడం ఎంత పెద్ద మాటో నేను చెప్పక్కర్లేదు. ఆ పథకంలో నమూనా ఇల్లు 340 చదరపు అడుగులు. హాలు, పడకగది, వంటిల్లు, మరుగుదొడ్డి, ముందు చిన్న వరండా. ఖాలా కూతురు కూడా గరిటెలు చెక్కుతుంది. ఆ వరండాలో ఆమె పీటా బాడిశా పెట్టుకుంటే ఇంట్లోకి దారుండదు. పేరు ఆమెది, కొలత ఆమెది కాదు.

మార్గరెటె షూటె-లిహోట్స్కీ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళ కోసం వంటింటిని గీసింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. ఆడదాని అడుగులు లెక్కపెట్టి, ఆమె సమయం మిగల్చాలని. మిగిలింది కూడా. కానీ ఆ వంటింట్లో ఇద్దరు పట్టరని, వంట ఎప్పటికీ ఒక్కతి పనే అని గోడలతో రాసేసినట్టయిందని తరవాతి తరం స్త్రీవాదులు విమర్శించారు. మంచి మనసుతో వేసిన లెక్కలో కూడా ఎవరు ఏ పని చేస్తారనేది ముందే నింపిన గడిలా ఉండిపోగలదు. ఇది మా పిల్లకి చెప్పాను. ఆమె తన బొమ్మలో వసారాకీ వంటింటికీ మధ్య గోడ తీసేసింది. ఎందుకంటే పొయ్యి మీది అన్నం చూడ్డానికి ఖాలా రోజుకి ఎన్నిసార్లు లేస్తుందో ఆమె లెక్కపెట్టి ఉంది. గోడ తీసేస్తే అన్నం చూసే పని మళ్ళీ ఖాలాకే అంటుకుంది కదా అన్నాను. "మరి అల్లుడు చూస్తాడా పిన్నీ?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఏ ప్రోగ్రాంలోనూ లేదు.

జ్యూరీ నాడు ఒక పెద్దమనిషి, ఇది ఆర్కిటెక్చరా సోషియాలజీయా అని అడిగాడట. చాకిరి వరస తీసేస్తే పట్టిక శుభ్రంగా ఉంటుందన్నాడు ఇంకొకాయన. తీయలేదు. మార్కులు మధ్యస్తంగా వచ్చాయి. ఇప్పుడు బెంగుళూరులో ఒక ఆఫీసులో అద్దాల మేడలకి ఎండ లెక్కలు కడుతోంది. అక్క సంబంధాలు చూస్తోంది. వచ్చినవాళ్ళు సైట్లకి తిరిగే ఉద్యోగమా, ఆఫీసులో కూర్చునేదా అని ముందే అడుగుతున్నారట.

థీసిస్ అయిపోయాక బొమ్మలు చూపించడానికి ఉదయగిరి వెళ్ళినప్పుడు ఖాలా అన్నీ చూసి, "ఇది కడతారా?" అని అడిగింది. కట్టరని, పరీక్ష కోసమని పిల్ల చెప్పింది. ఖాలా ఏమీ అనలేదు. కాసేపటికి వసారా ఉన్న కాయితం ఒక్కటి తీసి పక్కన పెట్టుకుంది. పునాది దగ్గర ఆగిన కూతురి ఇల్లు మళ్ళీ మొదలవుతోందని, మేస్త్రికి చూపిస్తాననీ అంది. పిల్ల దాని వెనక తెలుగులో అడుగుల్లో కొలతలు రాసిచ్చింది. మేస్త్రి కాయితం తిప్పి చూసి, మగవాళ్ళెవరూ లేరా మాట్లాడ్డానికి అన్నాడు. లేరంది ఖాలా.

పోయిన గురువారం ఖాలా ఫోను చేసింది. గోడలు లేచాయట. వసారా తూర్పుకే పెడతానంటున్నాడట మేస్త్రి, రోడ్డు అటే ఉందని. "నువ్వు ఉత్తరం అన్నావు గదా పాపా. ఆరడుగులా, ఏడా? గట్టిగా చెప్పు. వాడు నా మాట ఇనడు." ఫోనులో చెప్తే అతను వినడని మా పిల్లకీ తెలుసు. శనివారం సెలవు పెట్టి, శుక్రవారం రాత్రి బస్సెక్కింది. టేపు నా దగ్గరే ఉండిపోయింది. ఉదయగిరిలో కొనుక్కుంటానంది.